నలభై వేల నోళ్లు

పొద్దున్నే తోటకు వెళ్లిన దేవరాజులు ఉత్త చేతులతో తిరిగొచ్చి పట్టుపురుగుల షెడ్డు వాకిట్లో కూలబడ్డాడు. లోపల పురుగుపెంట గంపకెత్తుతున్న మోహన మొగుడి ముఖం చూడగానే గంప కింద పెట్టేసింది.

"ఏమైంది మామా? ఆకేదీ?"

"ఏనుగులు పడినాయి. తోటంతా పోయిండాది."

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. పలమనేరు అడవి అంచున వాళ్లది అరెకరం మల్బరీ తోట. ఎండాకాలంలో అడవిలో వెదురు ఎండిపోయి, గడ్డి మాడిపోయి, నీటిగుంటలు ఇంకిపోతే ఏనుగులు కిందికి దిగుతాయని అందరికీ తెలుసు. నిరుడు పక్కవాళ్ల అరటి తిని పోయాయి. మల్బరీ జోలికి మాత్రం ఎప్పుడూ రాలేదు. ఈసారి వాటికి అరటి కూడా దొరకలేదేమో. తోటలో ముక్కాలు భాగం ఇదివరకే కోసి పురుగులకు మేపేశారు. మిగిలిన కాలు భాగంలోనే మంద దిగింది. తిన్నంత తిని, తినలేనిది తొక్కేసింది. మొక్కలు వేళ్లతో సహా లేచిపోయి ఉన్నాయి. డ్రిప్పు పైపులు పేగుల్లా బయటపడ్డాయి. బోరు పక్కన పన్నెండు సాళ్లు మాత్రం నిలబడి ఉన్నాయి.

ఆ సాళ్ల మధ్య నిలబడి మోహన కళ్లతోనే ఆకు తూకం వేసింది. మొత్తం కోస్తే రెండు వందల కిలోలు. అంతకు మించి రాదు.

షెడ్డులో ఉన్నవి నలభై వేల పురుగులు. నాలుగు రోజుల కిందటే నాలుగో జ్వరం నుంచి లేచాయి. జ్వరం అంటే పురుగు మేత మాని, పాత తోలు విడిచి, కొత్త తోలుతో లేవడం. నాలుగోసారి లేచిన తర్వాతే దాని అసలు ఆకలి. పుట్టినప్పటి నుంచీ తిన్నదానికి ఐదారింతలు ఈ ఏడు రోజుల్లో తింటుంది. తిని, పండి, గూడు కడుతుంది. ఇంకా మూడు రోజుల మేత కావాలి. రోజుకు నూటయాభై కిలోల లెక్కన నాలుగు వందల యాభై.

తిరిగొచ్చేసరికి పొద్దుటి మేత వేళ దాటిపోయింది. మామూలుగా ఆ వేళకు షెడ్డులో రేకుల మీద చినుకులు పడుతున్నట్టు ఆకు నమిలే చప్పుడుండేది. ఇప్పుడు ఏమీ లేదు. రెండు స్టాండ్లలోనూ ప్రతి అరలో తెల్లటి పురుగులు తలలెత్తి గాలిలో అటూ ఇటూ వెతుకుతున్నాయి. ఆ సాళ్లలోంచి నరికి తెచ్చిన నాలుగు మోపుల కొమ్మలు మోహన ఎక్కడా మందంగా పడకుండా పరిచింది. అరగంటలో పుల్లలే మిగిలాయి. మళ్లీ తలలు లేచాయి.

దేవరాజులు మోపెడ్డు తీసుకుని ఊళ్లు పట్టి పోయాడు. ఎవరి షెడ్డులో వాళ్లకు పురుగులున్నాయి. ఈ రోజుల్లో ఒకరికి ఆకిస్తే తన పురుగుల నోరు కట్టినట్టే. మధ్యాహ్నానికి ఫోన్ చేశాడు.

"మునివెంకటప్పన్న తోటలో ఆకుండాది మోహనా! ఈసారి ఆయన పురుగు పెట్టలేదంట. ఎంత కావాలంటే అంత కోసుకోమన్నాడు. ఆటోలో ఏసుకొని వస్తాండా."

మోహన స్టాండు కమ్మీ పట్టుకుని అక్కడే చతికిలబడి ఏడ్చేసింది. అత్త చంద్రకాంతమ్మ వచ్చి వీపు నిమిరింది.

ఆటో వెంట మునివెంకటప్ప కూడా వచ్చాడు. అరవై దాటిన మనిషి, మాట దాచుకునే రకం కాదు. మోపులు దించుతుండగానే చెప్పాడు. "అమ్మా, ఒక మాట. ఈ ఆకుకు మందు కొట్టించి పన్నెండు దినాలైంది. పదైదు దినాలు ఆగాలన్నారు. మీ అవసరం సూసి ఇస్తాండా. ఆపైన మీ ఇష్టం."

"మూడు దినాల తేడానే కదా! ఏం కాదు, పరిచేయ్," అన్నాడు దేవరాజులు.

"ఆగు మామా."

"ఇంక ఆగేదేందే? అవి సస్తాండాయి!"

మోహన వినలేదు. ముప్పై పురుగులను చేటలోకి ఏరి, బయటి అరుగు మీద పెట్టి, ఆ ఆకు వేసింది. అవి ఆబగా మీదపడి తిన్నాయి. దేవరాజులు గెలిచినట్టు చూశాడు. ఆమె కదల్లేదు. గంట గడవకముందే ఒక పురుగు నోటి నుంచి పచ్చటి నీళ్లు కారాయి. తర్వాత మరొకటి. చూస్తుండగానే తలలు విసురుకుంటూ మెలికలు తిరిగి, పొట్టిగా ముడుచుకుపోయాయి. మునివెంకటప్ప కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "కూలోడు మందు ఎక్కువ కలిపినాడేమో తల్లీ," అని, మోపులన్నీ తనే ఆటోలోకి ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

ఇక వెతకడానికి చోటు లేదు.

"ఉండే ఆకే అన్నిటికీ సగం సగం ఏస్తాం. బతుకుతాయి కదా," అన్నాడు దేవరాజులు.

"బతుకుతాయి మామా. గట్టి గూడు కట్టవు."

పెళ్లయిన కొత్తలో, మొదటి పంటకే ఆకు చాలకపోతే ఇలాగే సర్దారు. అన్నీ బతికాయి, అన్నీ గూళ్లు కట్టాయి. కానీ వేలితో నొక్కితే లోపలికి పోయేంత పలచటి గూళ్లు. దారం తీయడానికి పనికిరావని సంతలో పక్కన పడేశారు. ఆ తర్వాత పదేళ్లుగా మోహన రోజూ షెడ్డు ఊడుస్తూ చూస్తూనే ఉంది. పది గంపల ఆకు లోపలికి పోతే నాలుగైదు గంపల పెంట బయటికొస్తుంది. మిగిలిందాంట్లో పురుగు ఊపిరికి కొంత, పాకడానికి కొంత, ఒళ్లు పెరగడానికి కొంత. అవన్నీ తీరాక చివరికి మిగిలే పిసరే పట్టు. సగం మేత వేస్తే ఆ పిసరే ముందు పోతుంది. నలభై వేలూ కలిసి ఉన్న ఆకంతా ఊపిరికే ఊదేస్తాయి.

"ఒక స్టాండు తీసేస్తాం," అంది.

"తీసేసి?"

ఆమె ఖాళీ గంప అందుకుంది. దేవరాజులుకు అర్థమైంది, లేచి నిలబడ్డాడు. "నా చేత కాదు. నిన్నమొన్నటి దాకా చీమ ముట్టకుండా సాకినాం. రోగం రొష్టు లేని పురుగులు మోహనా!" అంటూ బయటికి వెళ్లిపోయాడు.

ఎండ వాలుతుండగా మోహన ఒక్కతే మొదలుపెట్టింది. మొదట ఎదుగుదల తక్కువున్నవి ఏరింది. అలాంటివి వెయ్యి కూడా లేవు. ఆపైన ఏరడానికి ఏమీ లేదు, అన్నీ ఒక్క తీరే. చల్లగా, మెత్తగా, చిటికెన వేలంత ఉన్నవి. దోసిళ్లతో ఎత్తి గంపలో పోసింది. అవి ఆకు అనుకుని ఆమె వేళ్ల మీద తలలు ఆనించాయి. రెండో అర దగ్గర ఆమె చేతులు ఆగిపోయాయి. అప్పుడు చంద్రకాంతమ్మ కొంగు బిగించుకుని పక్కన నిలబడింది.

"కానియ్ మే. సగమన్నా నిలబెట్టుకుందాం."

గంపలు ఒక్కొక్కటే పెరట్లోకి మోశారు. అత్త కోళ్లు పన్నెండూ ఎగబడి మేశాయి. మెడ కింద సంచులు ఉబ్బి, కాసేపటికి పురుగు ముందే ఉన్నా ముట్టకుండా పక్కకు పోయాయి. గోరింకలు దిగాయి, కొంగలు దిగాయి. అవీ ఎంతని తింటాయి? మిగిలిన వాటిని గుంటలో పోసి మట్టి కప్పేటప్పుడు మాత్రం దేవరాజులు వచ్చి ఆమె చేతిలోంచి పార తీసుకున్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

మిగిలిన ఇరవై వేలకు పన్నెండు సాళ్ల ఆకు వేళ తప్పకుండా పడింది. మూడో రోజు సాయంత్రం ఒక మేతకు తక్కువైతే, ఏనుగులు తొక్కినా మొదళ్లు విడవని కొమ్మల నుంచి వాడని ఆకులు ఒక్కొక్కటే గిల్లి, కడిగి, ఆరబెట్టి వేసింది. మర్నాడు పురుగులు పండాయి. ఒళ్లు లేత పసుపు తిరిగి, మేత మాని, చోటు వెతుక్కున్నాయి. చేత్తో ఏరి, గూళ్లు కట్టే వెదురు చంద్రికల మీదికి వదిలారు. ఐదు రోజులకు గూళ్లు చంద్రికల నుంచి తీసి చూస్తే గట్టిగానే ఉన్నాయి. మోహన ఒకదాన్ని వేళ్ల మధ్య నొక్కి చూసింది. లోపలికి పోలేదు. సంతోషం కూడా రాలేదు.

ఫారెస్టోళ్లు వచ్చి తోట కొలుచుకుని పోయారు. మంద ఇంకా తోట అవతలి గుట్ట వెనకే ఉందని, అడవిలో మేత లేనంత కాలం ఎక్కడికీ పోదని చెప్పారు.

దేవరాజులు గూళ్ల మూటలు కట్టి సంతకు బయలుదేరుతూ మోపెడ్డు మీద నుంచే అడిగాడు. "మళ్లా పంటకు పిల్ల పురుగులకు చెప్పేసి రానా?"

మోహన తోట వైపు చూసింది. పీకేసిన చోట మళ్లీ నాటాలి. విరిగిన మొదళ్లు నున్నగా కోసి నీళ్లు పెట్టినా కోతకు ఆకు రావడానికి రెండు నెలల పైనే పడుతుంది. అప్పటిదాకా గుట్ట వెనక ఏనుగులకు ఏం దొరుకుతుందో ఆమెకు తెలియదు.

"ఇప్పుడొద్దు మామా," అంది. కత్తి తీసుకుని మొదళ్లు కోయడానికి తోటలోకి నడిచింది.