జెనోవాలో ఇద్దరికి గది

ఐర్లండ్‌లోని వాటర్‌ఫోర్డ్‌లో మన తెలుగువాళ్ళు ఏ ఊరు చూడ్డానికి వెళ్ళినా గుంపుగానే వెళ్తారు. రోమ్ అయినా, పారిస్ అయినా నాలుగు కుటుంబాలు, రెండు రైస్ కుక్కర్లు, వంటిల్లు ఉన్న ఒక అద్దె ఇల్లు. మగవాళ్ళు తీరిగ్గా లేచి ఫోటోలు దిగుతారు. ఆడవాళ్ళు వాళ్ళకంటే ముందే లేచి పులిహోర కలుపుతారు. తిరిగొచ్చాక ఏం చూశారని అడిగితే, పాపం, వాళ్ళకి ముందు గుర్తొచ్చేది అక్కడి పొయ్యి. సుధేష్ణకి ఆ ప్రయాణాలంటే ఒళ్ళు మంట.

అందుకే ఈసారి జెనోవా అనుకుంది. ఇద్దరమే, మూడు రోజులు అనుకుంది. ఇటలీలో పాత రేవు పట్నమది. చెయ్యి చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకు సందులు, వాటి మధ్య ఒకప్పటి ఓడల వర్తకుల మేడలు, కొండ మీదికి ఎక్కే చిన్న రైలు, రేవు చివర ఎత్తైన దీపస్తంభం. సుధేష్ణ కాకినాడ రేవు పక్కన పెరిగిన మనిషి. ఓడ కూత వినపడితే చాలు, ప్రాణం లేచొస్తుంది. వీడియోలు చూసీ చూసీ ఆ సందులన్నీ ఆమెకి కంఠతా వచ్చేశాయి.

కానీ అసలు సంగతి రేవు కాదు. భర్త త్రినాథ్ పెద్దాసుపత్రిలో మత్తు డాక్టరు. మిగిలిన మత్తేదో ఇంటికి తెచ్చి చల్లుతాడేమో అన్నట్టు, అతను వచ్చాక ఇంట్లో మాటుండదు. భోజనం, ఫోను, నిద్ర. పెళ్ళయిన కొత్తలో ఊటీ వెళ్తేనే ఆడపడుచు, ఆమె పిల్లలు వెంట వచ్చారు. ఆ తర్వాత ఉద్యోగాలు, పరీక్షలు, కూతురు హాసిని. ఇన్నేళ్ళలో ఇద్దరే కలిసి ఎక్కడికీ వెళ్ళింది లేదు. తామింకా మొగుడూ పెళ్ళాలేనా, ఒకే ఇంట్లో అద్దెకున్న ఇద్దరు మనుషులా అన్నది ఆ మూడు రోజుల్లో తేల్చుకోవాలని ఆమె పట్టుదల.

"ఏవండీ, ఇది చూశారా? ఐదో అంతస్తంట, లిఫ్టు లేదంట. కిటికీ తీస్తే రేవేనంట. వంటిల్లు లేదు, హాయి."

"బాగుంది. బుక్ చేసెయ్," అన్నాడు త్రినాథ్ తలెత్తకుండానే.

అక్టోబరు సెలవులకి హాసిని స్నేహితురాలి ఇంట్లో ఉంటానంది. "గ్రాండ్, మామ్. యూ గో," అంది. సుధేష్ణ అద్దం ముందు నిలబడి కొత్త కోటు రెండుసార్లు వేసుకుని చూసుకుంది.

వారం తిరక్కుండా ఫోన్లో ఒక గ్రూపు పుట్టింది. పేరు జెనోవా గ్యాంగ్. అందులో త్రినాథ్‌తో పనిచేసే అభిజిత్, అతని భార్య సాహిత్య, ఆసుపత్రిలో అందరికంటే సీనియరైన దేవదాసు గారు, ఆయన భార్య శ్యామలాదేవి. ఆవిడ గొంతు సందేశం పెట్టేసింది కూడా: "సుధా, ఆ అగ్గిపెట్టంత గది క్యాన్సిల్ చేసెయ్యమ్మా. ఊరి బయట పెద్ద ఇల్లు చూశాను, నాలుగు పొయ్యిలున్నాయి. మొదటిరోజు నీ పులిహోరే!"

సుధేష్ణకి ఏడుపొచ్చింది. పిలవని పేరంటానికి ఎలా తయారవుతారు వీళ్ళు? ఇటలీ అన్న మాట చెవిన పడితే చాలు, కుక్కరు సర్దేస్తారా? ఎవరినైనా రావద్దనడం మనవాళ్ళలో ఎవరికీ చేతకాదు. ఆమెకీ చేతకాదు. అయినా ఈసారి తెగించింది. పెద్దావిడతో తర్వాత చూసుకోవచ్చు, ముందు సాహిత్యతో చెప్పేద్దామని, దారంతా మాటలు పేర్చుకుంటూ వాళ్ళింటికి వెళ్ళింది.

టీ ఇచ్చి కూర్చున్న సాహిత్యతో మొహమాటపడుతూనే అంది. "ఏమనుకోకు. ఈసారి మేమిద్దరమే వెళ్దామనుకున్నాం..."

సాహిత్య మొహం పాలిపోయింది. "అయ్యో అక్కా, మేమెక్కడ వస్తామన్నాం? ఆ వీకెండ్ మా ఆయనకి ఆన్‌కాల్ డ్యూటీ. లిమరిక్‌లో మా తమ్ముడింటికే రాలేమని చెప్పేశా. త్రినాథ్ అన్నయ్యగారే ఒకటే పట్టు పట్టారు. వాళ్ళతో పనిచేసే జెర్రీని బతిమాలి మా ఆయన డ్యూటీ అతనికి వేయించారు. దానికి బదులు జెర్రీ క్రిస్మస్ డ్యూటీ తను చేస్తానన్నారంట. శ్యామలాంటీ వాళ్ళని అడిగింది కూడా ఆయనేగా. మీకు తెలీదా?"

సుధేష్ణ టీ కప్పు కింద పెట్టేసింది. క్రిస్మస్ అంటే ఈ దేశం మొత్తం తలుపులు మూసుకుని ఇంట్లో కూర్చునే పండగ. ఆ డ్యూటీ అంటే ఆసుపత్రిలో అందరూ మొహం తిప్పుకుంటారు. దాన్ని అడిగి మరీ నెత్తిన పెట్టుకున్నాడు, ఆమెతో మూడు రోజులు ఒంటరిగా ఉండాల్సి వస్తుందని.

"ఏమైంది అక్కా?"

"ఏం లేదు. గ్రాండ్," అంది. ఇక్కడ అన్నిటికీ పనికొచ్చే మాట అదొక్కటే.

కారులో కూర్చున్నాక ఆమెకి ముందు సిగ్గేసింది. ఆ కొత్త కోటు గుర్తొచ్చి మరీ సిగ్గేసింది. ఇంటికి చేరేసరికి సిగ్గంతా కోపమైంది.

త్రినాథ్ టీవీలో క్రికెట్ చూస్తున్నాడు.

"వాళ్ళని మీరే పిలిచారంటగా."

అతను దాచలేదు. టీవీ గొంతు తగ్గించాడు. "నలుగురుంటే సందడిగా ఉంటుందని."

"క్రిస్మస్ డ్యూటీ చేసి మరీ కొనుక్కోవాలా ఆ సందడి?"

రిమోటు పక్కన పెట్టాడు. "మూడు రోజులు సుధా. పొద్దున లేచింది మొదలు మనిద్దరమే. ఏం మాట్లాడుకుంటాం చెప్పు?"

ఎత్తిపొడుపు కాదది. నిజంగా తెలియకే అడిగాడు. సుధేష్ణ జవాబు కోసం వెతుక్కుంది. హాసిని చదువు, పాడైన బాయిలరు, అత్తగారి బీపీ. అవన్నీ డబ్లిన్ విమానాశ్రయం చేరేలోపే అయిపోతాయి. తన దగ్గరా అంతకు మించి ఏమీ లేదు.

"అది తెలుసుకోడానికే వెళ్దామన్నాను," అంది.

అతని చూపు టీవీ మీదికి పోయింది.

"సరే. మీరు వాళ్ళతో ఆ పెద్దింట్లో ఉండండి. నేను నా గదిలో ఉంటాను."

కోపంతో అన్న మాటే. అదేంటని ఒక్కసారి కసురుకుంటే చాలు, ఆ మూడు రోజులూ నాలుగు పొయ్యిల మీదా వండి పెట్టేసేదే. త్రినాథ్ గడ్డం రుద్దుకుంటూ ఆలోచించాడు.

"మరి వాళ్ళకేం చెప్తాం?"

"మీ ఇష్టం."

"అక్కడికెళ్ళాక నీకు ఫ్లూ వచ్చిందని చెప్తాలే," అన్నాడు. "అంటుకుంటుందంటే ఎవరూ నీ గది వైపు రారు."

చాలా రోజుల తర్వాత అతని ముఖం తేలికపడింది. రిమోటు తీసుకుని టీవీ గొంతు మళ్ళీ పెంచాడు.