చెవుల్లో దూది

స్కానింగ్ గదిలోంచి గౌరి బయటికొచ్చిన తీరు చూసి కూర్మయ్య గబగబా ఎదురెళ్ళాడు. లోపలికి మామూలుగా నడిచి వెళ్ళిన పెళ్ళాం ఇప్పుడు రెండు చెవులూ అరచేతులతో గట్టిగా మూసుకుని, ఎదురుగా ఎవరున్నారో కూడా చూడకుండా వస్తోంది.

“ఏటైనాదే?” అన్నాడు.

ఆమె అతని నోటి వంక చూసి, “గట్టిగా సెప్పు మావా, ఇనపడనేదు,” అంది. “రొద పెరిగిపోనాది. ముందు కీసురాయిలాగ ఉండీది. ఇప్పుడు బోటింజను సెవిలో పెట్టీసినట్టున్నాది.”

శ్రీకాకుళం ఆసుపత్రి వరండాలో అంతమంది ఉన్నారు. ఆ రొద ఎందుకు పెరిగిందో చెప్పగలిగినవాడు మాత్రం కూర్మయ్య ఒక్కడే. ఆ సంగతి ఆ క్షణానికి అతనికీ తెలియదు.

భావనపాడు ఒడ్డున చేపల వేలం నడిపేది గౌరి. అలల హోరులో, పడవల మోతలో, ఎక్కడో వెనక నిలబడి బేరగాడు గొణిగిన ధర కూడా ఆమెకు వినిపించేది. అలాంటిది వేసవి నుంచి ఎడమ చెవిలో గీమంటూ ఒకటే రొద. పసరు పోసినవాళ్ళు పోశారు, వేడి నూనె పోసినవాళ్ళు పోశారు, తాయెత్తు కట్టినవాళ్ళు కట్టారు. వాళ్ళంతా బాగుపడ్డారు గానీ చెవి బాగుపడలేదు. చివరికి ఆసుపత్రికొస్తే, ఒక్క చెవిలోనే వస్తోంది కాబట్టి లోపల నరం మీద చిన్న గడ్డేమైనా ఉందేమో చూడాలని డాక్టరు తల స్కాన్ రాశాడు. గడ్డ అన్న మాట విన్న దగ్గర్నుంచి మొగుడూ పెళ్ళాలకు అన్నం సయించలేదు.

ఆ స్కాన్‌కి ఒంటి మీద ఇనుమూ బంగారమూ ఏదీ ఉండకూడదట. గౌరి తాళి తీసి, దాని బదులు పసుపుకొమ్ము కట్టుకుంది. తాళి, మెట్టెలు, చెవిదిద్దులు, జడపిన్నులు అన్నీ కూర్మయ్య తువ్వాలు కొంగున మూటయ్యాయి. ఆమె భయపడుతోందని, పడుకోబెట్టేదాకా అతన్నీ లోపలికి రానిచ్చారు. అందుకోసం అతని మొలతాడు తాయెత్తు కూడా విప్పించి, ఆ మూటతో పాటు బయటే పెట్టించారు. మిషన్ నడిపే అమ్మాయి పేరు ఉష. గౌరిని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, గుండెలదాకా తెల్లదుప్పటి కప్పి, చెవుల్లో దూది ఉండలు కుక్కి, తలకు బిగించే చట్రం తేవడానికి అటు తిరిగింది.

కూర్మయ్య ఆ దూది చూశాడు. తమ్ముడు నాగబాబును సముద్రం తెచ్చి ఒడ్డున పడేసిన రోజు, వాడి ముక్కులోనూ చెవుల్లోనూ దూది పెట్టింది అతనే. ఇక్కడ గౌరి మెడలో తాళి లేదు, కాళ్ళకు మెట్టెలు లేవు, జుట్టు విరబోసి ఉంది, పైన తెల్లగుడ్డ. బతికున్న మనిషికి ఇదేం పని అనుకుని, ఉష తిరిగి చూసేలోపల రెండు ఉండలూ పీకి గుప్పిట్లో దాచాడు.

“తీసీమన్నాదా?” అంది గౌరి.

“ఆఁ, తీసీమన్నాది,” అన్నాడు కూర్మయ్య. విరబోసిన జుట్టు చెవుల మీద పడి ఉండటంతో ఉష గమనించలేదు. చట్రం బిగించి అతన్ని బయటికి పంపేసింది.

సాయంత్రం డాక్టరు బొమ్మలు చూసి పెదవి విరిచాడు. “తల కదిలిపోయిందమ్మా. అన్నీ చెదిరిపోయాయి. గడ్డ ఉందో లేదో చెప్పలేను. మళ్ళీ తియ్యాలి.”

“సంపేసినా పడుకోను,” అంది గౌరి. “నెత్తి మీద సమ్మెట్లతోటి కొట్టినట్టున్నాది బాబూ. వణికిపోనాను. నొక్కితే ఆపేస్తామని సేతిలో రబ్బరు బుడ్డొకటి పెట్టినారు. ఆపితే మళ్ళీ మొదట్నుంచీ అంటారేమోనని నొక్కనేదు. ఇప్పుడీ రొద ఇలాగే ఉండిపోతే వేలంలో నానేటి ఇంటాను? ఏటి తింటాను?”

“దూది పెట్టుకున్నా మిషన్ చప్పుడు అంత వినపడిందా?” డాక్టరుకు ఆశ్చర్యం వేసింది. “అది పెట్టేదే ఆ చప్పుడు చెవికి తగలకుండా ఉండటానికి. అసలే రొద ఉన్నవాళ్ళకి దూది లేకపోతే ఇంకా పెరగొచ్చు.” ఉషను పిలిపించాడు.

చెవుల్లో దూది చచ్చినవాళ్ళకని మాత్రమే కూర్మయ్యకు తెలుసు. బతికున్న చెవిని కాపాడటానికని ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు.

“పెట్టాను సార్,” అంది ఉష.

“పెట్టినాది. మళ్ళీ తనే తీసీమన్నాది,” అంది గౌరి.

“నేనెందుకు తియ్యమంటానమ్మా?” ఉష ముఖం పాలిపోయింది. డాక్టరు ఆ పిల్ల వంక చూసిన చూపు కూర్మయ్య చూశాడు. తను నోరు మెదపకపోతే తప్పు ఆ పిల్ల నెత్తినే ఉండిపోతుంది, గౌరికి జన్మలో తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

“తీసినోడ్ని నాను,” అన్నాడు. “శవానికి పెట్టినట్టున్నాదని పీకీసినాను. ఈయమ్మ సెప్పనేదు. నానే అబద్దమాడినాను.” లుంగీ మడతలోంచి ఆ ఉండలు తీసి బల్ల మీద పెట్టాడు.

గౌరి దులిపేస్తుందనుకున్నాడు. ఆమె దులపలేదు. డాక్టరు వైపు తిరిగి, “తగ్గుతాదా బాబూ?” అని అడిగింది.

“చాలామందికి కొన్నాళ్ళకి తగ్గుతుంది. నీకు తగ్గుతుందని మాత్రం మాట ఇవ్వలేను.”

గౌరి బల్ల మీది ఆ నలిగిన ఉండల్ని చూసింది. “మళ్ళీ పడుకుంతాను. కానీ దూది ఇతనే పెట్టాల. ఇతని సేత్తోనే.”

మర్నాడు ఉష కొత్త దూది తెచ్చి కూర్మయ్య చేతికిచ్చింది. చెవి దాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు. తమ్ముడి చెవి చల్లగా ఉండటం గుర్తొచ్చింది.

“ఏదో ఒకటి మాటాడే గౌరీ,” అన్నాడు. “మాటాడతానే ఉండు.”

“ఏటి మాటాడాల? అబద్దాలకోరోడ్ని కట్టుకున్నానని సెప్పాలా? ఇంజను పాడైతే ఊరందర్నీ అడుగుతావు. పెళ్ళాం సెవి గురించి ఒక్కలిని అడగడానికి నీకు నోరు నేకపోనాదా?”

ఒక ఉండ పెట్టాడు. ఆమె తిడుతూనే ఉంది. రెండోది పెట్టాడు. ఉష పైన హెడ్‌ఫోన్లు కూడా తగిలించి చట్రం బిగించేదాకా గౌరి ఆపలేదు. కూర్మయ్యకు ప్రతి తిట్టుకూ ప్రాణం లేచి వచ్చింది.

మళ్ళీ తలుపు తెరుచుకునేదాకా అతను వరండాలో నిలబడే ఉన్నాడు. “ఈసారి కదల్లేదు, బొమ్మలు బాగా వచ్చాయి,” అని చెప్పి ఉష వెళ్ళిపోయింది. గౌరి చేతులు పక్కన వేసుకుని మామూలుగా నడిచి వచ్చింది. అతనే దూది తీశాడు. తీస్తూనే అడిగాడు.

“రొద?”

“ఉన్నాది.” గౌరి తల పక్కకు వంచి కాసేపు విన్నది. “పెరగనేదు.”

కూర్మయ్య అక్కడే నేల మీద చతికిలబడి, పదిమందీ చూస్తుండగా ఏడ్చాడు.

“లెగు మావా,” అంది గౌరి. “నా తాళి నీ తువ్వాల్లోనే ఉన్నాది.”