పది వేలా, పదహారు వేలా

పెళ్లుమని శబ్దమైంది. తలుపు అంచున ఉండే రబ్బరు పట్టీ చిరిగి, విమానం లోపలి గాలంతా ఒక్క ఊపున బయటికి పోయింది. చెవులు దిబ్బడ వేశాయి, ఎదుటి మనిషి కనిపించనంతగా పొగమంచు కమ్మి విడిపోయింది. ప్రిన్స్ జార్జ్ నుంచి ఎడ్మంటన్ ఆసుపత్రికి అల్ఫాన్స్ అనే ముసలి రోగిని తీసుకెళ్తున్న ఆ చిన్న విమానం అప్పుడు ఇరవై ఏడు వేల అడుగుల ఎత్తులో ఉంది. కింద తెల్లటి మబ్బు, ఆ మబ్బులో మునిగి రాకీ కొండలు.

కెప్టెన్ హాల్వర్సన్, పక్క సీట్లోని కో పైలట్ టామ్సిన్, ఇద్దరూ ఆక్సిజన్ మాస్కులు లాగి మొహాలకు తగిలించుకున్నారు. టామ్సిన్ మరీ విసురుగా లాగింది. ఆమె మాస్కు గొట్టం గోడ దగ్గర ఊడి సీటు పక్కకు జారిపోయింది. ఆమె చూసుకోలేదు. ప్రాణవాయువు చాలని బుర్రకు ఆ సంగతి తెలియదు. పైగా ఎక్కడలేని హుషారు పుట్టుకొస్తుంది.

"దించుతున్నా. ఎత్తు పెట్టు," అన్నాడు హాల్వర్సన్.

టామ్సిన్ మీట తిప్పి, విమానం దిగి ఆగాల్సిన ఎత్తు పది వేల అడుగులని పెట్టింది. గాలి పోతే పది వేలకు దిగాలి, అక్కడ మాస్కు లేకపోయినా ఊపిరి ఆడుతుంది. శిక్షణలో వందసార్లు చేసిన పనే. కాకపోతే శిక్షణ గది తెర మీద కింద ఎప్పుడూ సస్కచెవాన్ గోధుమ చేలే ఉండేవి. చదును నేల మీద నేర్చిన చేతికి కొండలెందుకు గుర్తుంటాయి?

"పదేంటి అమ్మాయ్! ఇక్కడ కొండలే పదమూడు వేలు. పదహారు పెట్టు."

పదహారు. ఆ మాట ఆమెకు భలే నవ్వు తెప్పించింది. ఎవరి వయసు చెబుతున్నాడు ఈయన?

వెనక నుంచి నర్సు బెరిల్ కేకలు వేస్తోంది. "ఇంకా కిందికి దించండి! అల్ఫాన్స్ గారి పెదాలు నీలంగా మారాయి. ఫుల్లుగా తిప్పినా ఈ సిలిండర్ ఆయనకి చాలట్లేదు!"

అదిగో. ముసలాయన ప్రాణం పోతోంది, దిగాలి, దిగనంటున్నాడు ఈ పెద్దమనిషి. టామ్సిన్‌కు అంతా అద్దంలా కనిపించింది. పాపం హాల్వర్సన్, బుర్రకు గాలి అందక ఏదేదో మాట్లాడుతున్నాడు. దానికొక పద్ధతుంది కదా. రెండుసార్లు అడగాలి, రెండుసార్లూ సరైన జవాబు రాకపోతే విమానం తన చేతిలోకి తీసుకోవాలి.

"కెప్టెన్ గారూ, ఎత్తెంత?"

"పదహారు."

"ఎత్తెంత అండీ?"

"పదహారని చెప్తుంటే! చెవుడా నీకు?"

"అయితే ఇక నేను నడుపుతా," అని టామ్సిన్ తన ముందున్న, విమానం నడిపే కాడిని దించడానికి ముందుకు నెట్టింది. రెండు కాడులూ ఒకదానికొకటి కలిసే కదులుతాయి. ఆమె నెడుతోంది, ఆయన వెనక్కి లాగుతున్నాడు. విమానం అటూ ఇటూ కాక పదిహేను వేలు దాటి కిందికి జారుతోంది. ఆయన కళ్లల్లో మొదట కోపం, తర్వాత ఇంకేదో కనిపించాయి. తనకే మతి పోయిందేమోనన్న అనుమానం. అది చూసి టామ్సిన్‌కు జాలేసింది.

"బెరిల్!" అని అరిచాడు హాల్వర్సన్. "మా ఇద్దర్లో ఎవరికి పిచ్చెక్కిందో చూసి చెప్పు తల్లీ!"

బెరిల్ తను ఊపిరికి వాడుతున్న చిన్న సిలిండర్ ఈడ్చుకుంటూ ముందుకు వచ్చింది. రక్తంలో ప్రాణవాయువు నూటికి ఎంతుందో చూపే, రోగి వేలికి పెట్టే క్లిప్పును ముందు హాల్వర్సన్ వేలికి తగిలించింది. తొంభై నాలుగు. తర్వాత టామ్సిన్ వేలికి. అరవై ఒకటి.

"నీకేనే పిల్లా," అంది. సీటు పక్కన వేలాడుతున్న గొట్టం అందుకుని గోడలోకి గుచ్చింది.

నాలుగు ఊపిర్లు తీసేసరికి టామ్సిన్ చేతులు వాటంతటవే కాడిని వదిలేశాయి. మబ్బు కాస్త చీలింది. కుడి కిటికీలో మంచు పట్టిన కొండ రాయి. కింద కాదు, పక్కనే. హాల్వర్సన్ విమానాన్ని పైకెత్తుతున్నాడు. ఇందాకటంత స్పష్టంగా, అంత హాయిగా తన జీవితంలో ఎప్పుడూ ఆలోచించలేదు ఆమె. ఆ స్పష్టతే అందరినీ ఆ రాతికేసి తీసుకెళ్లింది. సిగ్గుతో, భయంతో ఏడుపొచ్చేసింది.

"తర్వాత ఏడుద్దువు గానీ," అన్నాడు హాల్వర్సన్. "నేను కాడి వదల్లేను. మ్యాప్ నీ దగ్గరుంది. చివరి కొండ దాటగానే చెప్పు, దించేస్తా. ఆ ముసలాయన ఎక్కువసేపు ఆగలేడు."

"నన్ను అడక్కండి. నా బుర్ర నమ్మకండి."

"ఇంకెవర్ని అడగను? నువ్వే చెప్పాలి."

ఆమె మ్యాప్ చూసింది. కొండలు దాటేశామనిపించింది. ఇందాక కూడా అన్నీ ఇలాగే అనిపించాయి కదా! మళ్లీ చూసింది. ఇదీ పిచ్చేనా? గొట్టం తడిమి చూసుకుంది. ఉంది. వేలు పెట్టి ఒక్కో కొండ ఎత్తూ పైకి చదివింది. వెనక బెరిల్ "అల్ఫాన్స్, కళ్లు తెరవండి, అల్ఫాన్స్!" అంటోంది. తప్పు చెబితే అందరూ పోతారు, ఆలస్యం చేస్తే ఆయన పోతాడు. రూఢి కోసం తన లోపలికి చూసుకుంది. అక్కడ ఏమీ దొరకలేదు.

"దించండి," అంది.

హాల్వర్సన్ వెంటనే విమానం ముక్కు కిందికి వంచాడు. తెల్లటి మబ్బు కిటికీలను మూసేసింది. ఏమీ కనిపించని ఆ తెలుపులోకి దిగుతున్నంతసేపూ టామ్సిన్ సీటు అంచులు పట్టుకుని, రాయి తగులుతుందేమోనని ఎదురుచూస్తూనే ఉంది. పది వేల దగ్గర మబ్బు విడిపోయింది. కింద ఆకుపచ్చటి అడవి, చదునుగా.

"పెదాలకి రంగొస్తోంది!" అంది వెనక నుంచి బెరిల్.

టామ్సిన్ కిందికి చూస్తూనే, "అది చదునేనా కెప్టెన్ గారూ?" అని అడిగింది.