ఏటిదాకా ఒబియెరో బండి

ఒబియెరోను శనివారం పాతిపెట్టారు. ఆదివారం పొద్దున్నే చావును తరమాలి. లువో తెగవాళ్ల ఇళ్లలో పెద్ద తలకాయ రాలిందంటే మట్టి కప్పి చేతులు దులుపుకోరు. ఎడ్లను తోలుకుంటూ, ఈలలేస్తూ, దుడ్డుకర్రలు తిప్పుతూ ఊరు ఊరంతా యాలా ఏటిదాకా పరిగెత్తి, ఇంట్లో దూరిన చావును అవతలి ఒడ్డుకు తరిమి వస్తారు. ఆ గుంపుకు ముందు పోయేది పోయినవాడి సొంత వస్తువు. ఒబియెరోకు ఆ వస్తువు పాత మోటారు సైకిలు. ముప్పై ఏళ్లు దాని మీదే ఊరూరా తిరిగి పశువులకు సూదులు పొడిచాడు.

పేచీ అంతా ఆ బండి దగ్గరే వచ్చింది.

"అది బండి కాదే, తుక్కు!" అన్నాడు ఒబియెరో తమ్ముడు ఒగుటు, నలుగురూ వినేలా. "మా అబ్బాయి ఒదేరా కొత్త బండి ముందు పోతుంది. నీది దారిలో ఆగిందనుకో, చావు వెనక్కి తిరిగి మన గుమ్మంలోకే వస్తుంది. అప్పుడు ఎవరి నెత్తిన రుద్దుతావు?"

"నా నెత్తినే రుద్దు బాబాయ్. నాన్న బండే ముందు పోతుంది. నడిపేది నేనే," అంది అకేచ్.

"ఆడపిల్లవి!"

"అవును. ఊళ్లో పిండిమర ఇంజను నడిపేది కూడా ఈ ఆడపిల్లే. నువ్వు తినే ముద్ద ఆ పిండిదే."

ఒగుటు మొహం మాడ్చుకున్నాడు. "సరే. నడుపు. ఆగిందో, బండి నాది. విప్పి ముక్కలు ముక్కలుగా అమ్మేస్తాను."

"ఆగితే తీసుకో. ఆగదు," అనేసింది అకేచ్. కానీ ఆ బండి ఆగుతుంది. మైలు దూరం ఠీవిగా పోతుంది, ఆపైన దగ్గి దగ్గి చచ్చిపోతుంది. తండ్రి మంచాన పడ్డాక ఒగుటు ఆర్నెల్లు తిప్పుకుని, ఇక పనికిరాదని తెచ్చి పాకలో పడేసిన బండి అది.

ఆ సాయంత్రమే పనిలోకి దిగింది. మైలు పోయి ఆగుతోందంటే పెట్రోలు అందడం లేదని అర్థం. ట్యాంకు వంచితే టీ రంగు నీళ్లొచ్చాయి. పెట్రోలంతా గుడ్డలో వడగట్టింది. ట్యాపు లోపలి జాలీ విప్పి తుప్పు కడిగింది. కార్బురేటరు గిన్నె ఊడదీసి, సన్న రంధ్రాన్ని నోటితో ఊది, వెలుతురుకు పెట్టి చూసింది. పాత గొట్టం పీకి కొత్తది బిగించింది. పెట్రోలు తరుగుతోందో లేదో కనబడాలని మూత తీసి స్టూలు మీద పెట్టి, వాకిట్లోనే అరగంట నడిపింది. ఎక్కడా తడబడలేదు.

మొగుడి టోపీ నెత్తిన పెట్టుకుని అమ్మ వచ్చి పక్కన నిలబడింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది పాపం. అయినా సణుగుడు మానలేదు. "ఈ బండి వల్ల ఆయన ప్యాంట్లన్నీ పెట్రోలు మరకలే. ఉతకలేక నా చేతులు పడిపోయాయి. మీ బాబాయి ఆర్నెల్లు తిప్పాడు, ఒక్క మరక అంటించుకున్నాడా?"

అకేచ్ నవ్వింది. మూత బిగించి, బండి తుడిచి పెట్టింది.

పొద్దున్న తండ్రి కోటు తొడుక్కుని ఎక్కింది. వెనక ఎడ్లు, ఈలలు, ధూళి. ఒదేరా కొత్త బండి మీద కాచుకునే ఉన్నాడు. మొక్కజొన్న చేలు దాటేదాకా బండి మహారాజులా పోయింది. దాటీ దాటగానే దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆగిపోయింది.

ఈలలు ఆగిపోయాయి. ముసలమ్మలు నోళ్లు నొక్కుకున్నారు. చావు ఎక్కడ వెనక్కి తిరుగుతుందోనని ఒకావిడ ఊరి వైపు చూసింది కూడా.

"చెప్పానా?" ఒగుటు రొప్పుతూ వచ్చాడు. "దిగు. ఒదేరా, ముందుకు పోనీరా!"

"ఒదేరా, చక్రం కదిలిందో నీ కాళ్లు విరగ్గొడతా!" అని అరిచింది అకేచ్. బండి దిగలేదు. పెట్రోలు ఉందో లేదో చూద్దామని ట్యాంకు మూత తిప్పింది.

ఉస్స్‌మంది.

లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు. నిన్న అరగంట నడిచినప్పుడు మూత తీసే ఉంది. ఇప్పుడు బిగించి ఉంది. నూనె డబ్బాకు ఒకే చిల్లు పెడితే నూనె రాదు, గాలికి రెండో చిల్లు కావాలని పసిపిల్లలకు కూడా తెలుసు. ఓరి దేవుడా! మూత బోర్లించింది. లోపల సైకిలు ట్యూబు రబ్బరు, గుండ్రంగా, ముద్దుగా కోసి, బంకతో అంటించి ఉంది. మూతకున్న గాలి రంధ్రం దాని కింద మూసుకుపోయింది.

"ఎవరు పెట్టారిది?"

ఒగుటు తెల్ల ప్యాంటు ఎండలో ధగధగలాడుతోంది. అమ్మ సణుగుడు గుర్తొచ్చింది అకేచ్‌కు.

"గతుకుల్లో పెట్రోలు చిందుతోంటేనూ..." నసిగాడు ఒగుటు.

"నీ ప్యాంటు కోసం నా తండ్రి బండి పీక నొక్కావా బాబాయ్!"

గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, ఎడ్లు బెదిరేలా నవ్వారందరూ. అకేచ్ గోళ్లతో రబ్బరు పీకి, పిన్నీసుతో రంధ్రం పొడిచి, మూత బిగించింది. రెండు తన్నులకు పలకలేదు. మూడో తన్నుకు బండి గర్జించింది. వెనక ఈలలు మళ్లీ లేచాయి.

ఏటి దగ్గర కూడా ఆగలేదామె. మోకాటి లోతు నీళ్లలోకి బండిని దింపి, అవతలి ఒడ్డు చూసి గొంతు చించుకుంది: "పోవే! మా నాన్నను తిన్నావు, చాలు! మళ్లీ మా గుమ్మం తొక్కావో, ఈ బండితోనే తొక్కించేస్తా!" కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

ఇంటికొచ్చేసరికి ఒగుటు వాకిట్లో పెద్దల ముందు నిలబడి ఉన్నాడు. "నవ్వులు నవ్వులే, మాట మాటే. దారిలో ఆగిందా లేదా? ఆగితే బండి నాదని అందరి ముందూ ఒప్పుకుంది."

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒప్పుకున్న మాట నిజమే మరి.

అమ్మ లేచి వచ్చింది. టోపీ సర్దుకుని, కూతురి ముందు వంగి, గతుకుల్లో పెట్రోలు చింది తడిసిన గౌను అంచు పట్టుకుని వాసన చూసింది. చాలాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత ఒగుటు వైపు తిరిగింది.

"ముప్పై ఏళ్లు ఈ మరకలు ఉతికాను. ఈ బండి ఎవరిదో నాకు తెలియదా? నీ ప్యాంటు మీద ఒక్క మరక చూపించు, తీసుకుపో."

ఒగుటు కిందికి చూసుకున్నాడు. ప్యాంటు తెల్లగానే ఉంది.

"గౌను విప్పి ఇవ్వవే, ఉతికి పెడతాను," అంది అమ్మ కూతురితో.