బ్లీచింగ్ నీళ్లు

పుంగనూరు నించి మా ఊరికి ఆటోలో పావుగంట. కుంట మా పొలంలోనే ఉండాది, మా నాయన తవ్వించింది. గట్టు మీద ఆవుల కొట్టం, పక్కనే పట్టుపురుగుల షెడ్డు. కొట్టం కడిగిన పేడనీళ్లు చిన్న కాలువలో కుంటలోకి పోతాయి, ఆ నీళ్లలో పెరిగిన నాచు తిని చేపలు బలుస్తాయి. పురుగులు తినంగా మిగిలిన మల్బరీ ఆకు కూడా వాటికే. రెండువేల రెండులో ఎవరో జీపులో వచ్చి, మమ్మల్ని కుప్పంలో మూడు రోజులు కూర్చోబెట్టి, ఇదంతా మాకే కొత్తగా నేర్పినారు. ఊర్లు బాగుపడతాయంట. కుంట కాడ బోర్డు పాతి, ఫోటో తీసుకోని పోయినారు.

పొలం నాకూ తమ్ముడు గంగులయ్యకూ ఉమ్మడి. "ఇంత నేల నీళ్ల కింద పెట్టుకోని ఏం చేస్తాం న్నా? పూడ్చి టమోటా పెడదాం" అని మూడేండ్లుగా వాడిది ఒకటే పోరు. జీపు వచ్చిపోయిన మరుసటి ఎండాకాలం ఒక మాటకొచ్చినాం. ఆదివారం మదనపల్లె నించి నూర్ అహ్మద్ వలతో వస్తాడు. చేపలు బాగా పడితే కుంట ఉంటాది. లేకుంటే ట్రాక్టర్ వస్తాది.

శుక్రవారం కొత్త పురుగులు రావాల. వాటికి రోగం తగలకుండా ముందే షెడ్డంతా బ్లీచింగ్ నీళ్లతో కడగాల. ఆ నీళ్లూ అదే కాలువలో పోతాయి, కుంటలో పడితే చేప బతకదు. అందుకే కడిగే ముందు కాలువ మూతికి గోనెసంచి కుక్కి, బంకమట్టి మెత్తి, నీళ్లను పక్కనుండే బీడు నేలలోకి మళ్లిస్తాం. ఇరవై ఏండ్లుగా నా చేత్తో చేస్తాండే పని. బుధవారం పొద్దున కొట్టం కడిగినా, మధ్యాహ్నం షెడ్డు కడిగినా. నడుమ గోనె కుక్కేది మర్చిపోయినా.

గురువారం తెల్లారి చూస్తే కుంట నిండా తెల్లటి పొట్టలు. ఎండలకు నీళ్లు ముందే మోకాటి లోతుకు దిగినాయి.

నా పెండ్లాం కౌసల్య నన్ను పక్కకు లాగింది. "ఎవురో మందు కలిపినారని చెప్పు. ఎలక్షన్ పగలు లేవా ఏంది ఈ ఊర్లో!"

"ఎవురి పేరు చెప్పేది?"

"పేరు యాల? ఎవురో అను."

గంగులయ్య వచ్చి, గట్టు దిగి ఒక చేపను తిప్పి చూసినాడు. "ఎవురు చేసినారు న్నా?"

ఎవురో అంటే నమ్ముతాడు. కుంటకు ఇంకో ఏడు దొరుకుతాది. అదీ నాకు తెలుసు.

"నేనే. గోనె పెట్టలా."

"సరేలే" అన్నాడు. తిట్టింటే బాగుండు.

ఎస్టీడీ బూత్ నించి నూర్ అహ్మద్‌కు ఫోన్ చేసి రావద్దన్నా. "అరె కదిరప్పా, ఒక్కటీ మిగల్లేదా? మా ఇంట్లో మైమూన్ బీ ఇప్పట్నించే మసాలా నూరతాండాది గదప్పా!" అని నవ్వినాడు. ఒక్కటీ మిగల్లేదని చెప్పినా. "పోనీలేప్పా" అని పెట్టేసినాడు.

పొద్దుగూకే దాకా గుంత తవ్వి చేపలు పూడ్చినా.

శుక్రవారం పిల్ల పురుగులు దిగినాయి, ఆకు సన్నగా తరిగితేనే తింటాయి. ఆకు తరగడానికి కత్తి తీసుకోని పోతే కౌసల్య షెడ్డు గడపలో అడ్డం నిలబడింది. "నువ్వు రావద్దు. చేతులు చేప కంపు కొడతాండాయి. పురుగులకు వాసన తగిలితే ఆకు ముట్టవు."

సబ్బుతో మూడు తూర్లు కడిగినా, చింతపండుతో ఒక తూరి. కంపు పోలా.

గంగులయ్య నా చేతిలో కత్తి తీసుకోని, కడిగి, లోపలికి పోయి కూర్చున్నాడు. "ట్రాక్టర్‌ను సోమవారం రమ్మన్నా న్నా" అన్నాడు, ఆకు తరుగుతానే.

నేను వాకిట్లో నిలబడి చూస్తాండా.

"ఇంకా సన్నగా తరుగు" అన్నా.