ఆయన పేరు మీద సీసా

ఆదివారం మధ్యాహ్నం ఎంగిలి కంచాలు తోముతుంటే తలుపులమ్మ చేతుల్లోంచి గ్లాసు రెండుసార్లు జారింది. పొద్దుటి నుంచి ఆమె గొంతులో బ్రాందీ చుక్క పడలేదు మరి. "ఏటా సప్పుడు?" అన్నాడు అరుగు మీంచి మొగుడు త్రినాధరావు. బెల్లం మార్కెట్లో కాటా వేస్తాడు. ఏటా కార్తీకంలో అయ్యప్ప మాలేసి నల్లబట్టలు కట్టే మనిషి, ఈ ఏడు గళ్ల లుంగీతో కూర్చున్నాడు. ఆ లుంగీ కంట పడితే చాలు, ఆమెకి అన్నం సయించడం లేదు.

ఈ చుక్క ఎక్కడ మొదలైందయ్యా అంటే, పురిటి మంచం మీద. పదేళ్ల కిందట, రెండో కానుపు ముసురు రోజుల్లో జరిగింది. అత్త బుల్లమ్మ వేడినీళ్లలో రెండు చెంచాల బ్రాందీ కలిపి నోటికందించింది. "తాగవే గుంటా, ఒంట్లో సలవ పోద్ది. రేపట్నుంచి నీళ్లు మొయ్యాల కదా." బాలింతకిచ్చేదాన్ని తాగుడని ఎవరంటారు? పత్యం అయిపోయింది, చెంచాలు మాత్రం ఆగలేదు. తర్వాత అదే అత్త పక్షవాతంతో మంచాన పడితే, నాలుగేళ్లు ఆ దుప్పట్లు ఉతికింది తలుపులమ్మే. ఉతికొచ్చాక ఓ మూత. అందరూ తిన్నాక అడుగున మిగిలిన కూరతో ఓ మూత. అత్త పోయింది, మూత గ్లాసయింది, క్వార్టర్ సీసా బియ్యం డ్రమ్ములోకి చేరింది. నడుం నొప్పికేలే అని తనకి తనే సర్దిచెప్పుకుంది. నొప్పి ఎప్పుడో తగ్గిపోయిందని ఆమెకి తెలుసు.

వైన్ షాపులో మాత్రం "మా ఆయనకి" అని అడిగేది. ఎంత నమ్మకంగా అడిగేదో! పక్కనున్నవాళ్లు అయ్యో అనేవారు. "సూడు పాపం, ఆడి సీసా కూడా ఈవిడే మొయ్యాల!" ఆ జాలిని కూడా సంచిలో వేసుకుని వచ్చేది, సిగ్గులేని మనిషి. ఆ మాట తిరిగి తిరిగి గుడి దాకా పోయింది. మాల వేయించుకోవడానికి వెళ్లిన త్రినాధరావుతో గురుస్వామి నలుగురిలో అన్నాడు: "ముందు తాగుడు మాను నాయనా, మాల తరవాత."

ఆయన ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి, నల్లబట్టలు మడతపెట్టి ట్రంకుపెట్టెలో పడేశాడు. తాగేది తను కాదని అక్కడ ఎందుకు చెప్పలేదని తలుపులమ్మ అడిగింది. ఆయన గోడకేసి చూస్తూ అన్నాడు. "మగోడు తాగితే నాల్రోజులు సెప్పుకుని మర్సిపోతారు. ఆడది తాగుతాదని తెలిస్తే రేపు మన పిల్లని ఎవుడు సేసుకుంటాడు? నోరు మూసుకో." అంటే తెలుసన్నమాట! ఆయన కాళ్ల మీద పడాలనిపించింది. తెలిసీ ఇన్నాళ్లు ఒక్కమాట అడగలేదేమని చొక్కా పట్టుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. వంటింట్లోకెళ్లి తాగింది.

బస్ కాంప్లెక్స్ గోడ మీద కాగితం చూసింది ఆ మర్నాడే. తాగుడు మానాలనుకునేవాళ్లకి ప్రతి ఆదివారం మూడు గంటలకి స్కూల్లో మీటింగట. రూపాయి ఫోన్లో నంబరు కలిపితే అవతలి మనిషి మెత్తగా అడిగాడు, "ఎవరికోసం అమ్మా?" అని. "మా ఆయనకండి." నోరు పడిపోను, అక్కడా అదే మాట వచ్చింది!

"గుడికెళ్లొత్తాను" అని చెప్పి, ఆ ఆదివారం తోమిన కంచాలు బోర్లించి బయల్దేరింది. "బేగొచ్చీ, టీ పెట్టాల" అన్నాడు త్రినాధరావు.

ఆ స్కూలు ముందు నుంచి రెండుసార్లు దాటిపోయి, మూడోసారి గేటు తోసింది. తాతబ్బాయి అనే పెద్దాయన ఎదురొచ్చాడు. ఫోన్లో మాట్లాడిన గొంతు అదే. "మీ ఆయన రాలేదా? పర్లేదమ్మా, ముందు ఆడోళ్లే వత్తారు. ఆ గదిలో కూకో." ఆ గదిలో తాగుబోతుల పెళ్లాలు ఏడెనిమిది మంది ఉన్నారు. మాకవరపాలెం నుంచి వచ్చిన కొండలమ్మ జరిగి బల్ల మీద చోటిచ్చింది. ఆమె మోచెయ్యి కమిలిపోయి ఉంది.

"నీ మొగుడూ కొడతాడేటమ్మా?"

"కొట్టడు."

"తాగీసి కూడా కొట్టడంటే దేవుడే తల్లీ! అదురుష్టం నీది." కొండలమ్మ తలుపులమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వణకడం చూసి, "బయపడకు, మాం లేమేటి" అంది.

తలుపులమ్మకి ఏడుపు ముంచుకొచ్చింది. దెబ్బలు తిన్న మనిషి దగ్గర కూడా దొంగజాలి తింటున్నాను కదా అనుకుంది. చెయ్యి విడిపించుకుని లేచింది.

"మా ఆయన తాగడమ్మా."

"మరెవులు?"

తలుపులమ్మ వరండా దాటి రెండో గది గుమ్మంలో నిలబడింది. తాగుడు మానడానికొచ్చిన పన్నెండు మంది మగవాళ్లు తలలు తిప్పారు. అందులో త్రినాధరావుతోపాటు కాటా వేసే సత్తియ్య కూడా ఉన్నాడు. రేపు పొద్దున్నకి మార్కెట్టంతా తెలిసిపోతుంది. కూతురు గుర్తొచ్చింది.

"ఆడోళ్ల గది అటమ్మా" అన్నాడు తాతబ్బాయి.

"తెలుసు బాబూ. నా పేరు తలుపులమ్మ. మా ఆయన సుక్క ముట్టడు. తాగేది నాను. ఆయన మెళ్లో మాల పడకుండా సేసిందీ నానే."

సత్తియ్య తల దించుకున్నాడు. గోడ మీద గడియారం నాలుగు చూపిస్తోంది, ఇంట్లో టీ వేళ. తలుపులమ్మ మూలనున్న కుర్చీ తనే లాక్కుని కూర్చుంది.