వాతావరణం తర్వాత పాట

మా ఊరి చిన్న రేడియోలో పొద్దున్నే మాట్లాడేది మా ఆవిడ మార్లిస్. శనివారం కూడా సెలవు లేదు. నేనేమో చలికాలమంతా గడ్డకట్టిన సరస్సు మీద గుడిసె వేసుకుని, మంచుకు కన్నం పెట్టి, గాలం వదిలి, రేడియోలో ఆమె గొంతు వింటూ ఒంటరిగా కూర్చునేవాణ్ణి. పెళ్లాం పక్కన లేకుండా పెళ్లాం మాటలు వినడమంత దిక్కుమాలిన సుఖం ఇంకోటి లేదు.

ఈ ఏడు ఆమె శనివారాలైనా నాతో గడపాలని పంతం పట్టి, సి అనే కంప్యూటర్ భాషలో ఒక ప్రోగ్రాం రాసింది. అది పాటలు వేస్తుంది. అరగంటకోసారి ఇంకో ప్రోగ్రాంను పిలుస్తుంది. ఆ రెండోది, ఆమె ముందే రికార్డు చేసిపెట్టిన మాటలను ఏరి కూర్చి, ఆమె గొంతుతోనే వాతావరణం చెబుతుంది.

"రెండు శనివారాలు చూస్తా. రెండోసారి కూడా రేడియో మూగబోయిందా, ఇక మళ్లీ అడక్కు," అన్నాడు స్టేషన్ మేనేజరు లోవెల్.

మొదటి శనివారం ఇద్దరం గుడిసెలో ఉన్నాం. పాట అయింది, వాతావరణం అయింది. తర్వాత పాటా లేదు, పాడూ లేదు. మార్లిస్ గాలం పారేసి ట్రక్కు వైపు పరుగెత్తింది.

సాయంత్రం వంటింట్లో నెత్తి కొట్టుకుంది. "నా బుద్ధి మండ! పాటల ప్రోగ్రాంను వాతావరణం ప్రోగ్రాంగా మారిపొమ్మని రాశా. మారిపోయింది. ఇంక పాతదెక్కడుంది?"

"కింద 'పాట వెయ్యి' అని రాశావుగా?"

"అది చదవడానికి ఎవరున్నారక్కడ?"

పరకాయ ప్రవేశమన్నమాట. ఒళ్లు అదే, లోపల మనిషి వేరు.

"ముందు తనలాంటి నకలును పుట్టించాలి. మారేది ఆ నకలు. అసలుది దాని పని అయ్యేదాకా కాచుకోవాలి," అంది.

"కాచుకోకపోతే?"

"నా మాటల మీదే తర్వాతి పాటలోని అకార్డియన్ మోగుతుంది."

"అప్పుడైనా జనం వింటారు."

గిన్నెలు తుడిచే గుడ్డతో వీపు మీద ఒక్కటిచ్చింది.

రెండో శనివారం. రేడియోలో మార్లిస్ ఉత్తరపు గాలి సంగతి చెబుతోంది. పక్కన మార్లిస్ నా చొక్కా చెయ్యి పట్టుకుని బిగుసుకుపోయింది. వాతావరణం అయిపోయింది. నిశ్శబ్దం. నా గాలం గట్టిగా లాగింది, ఇద్దరం కదల్లేదు.

అకార్డియన్ మోగింది.

ఆమె కళ్లు తుడుచుకుంది. "నీ చేప పోయింది, చూడు."

"పోతే పోయింది. వచ్చే శనివారం ఇద్దరం పడదాం." నాకెంత సంతోషంగా ఉందో దాచుకోవాలనిపించలేదు.

మరో అరగంటకు రేడియోలో మార్లిస్ చలి ఎంతుందో చెప్పింది. అప్పటికి అసలు మార్లిస్ నా భుజం మీద గురక పెడుతోంది.